అన్న కదలకుండా పడుకున్న పూట

మా అన్నది ఎల్లారెడ్డి ఊరు. డెబ్బై దాటినా పొలానికి ఒక్కడే పోయేవాడు. నిరుడు రెండుసార్లు ఇంటి దారి మరిచిపోయి, ఎవరి బండి మీదో తిరిగొచ్చాడు. అప్పటి నుంచి వదిన ఒంటరిగా పోనివ్వనంటోంది. అన్న నాతో ఒకటే మాటన్నాడు.

"మిషిన్ల జూసి డాక్టర్లను చెప్పుమను తమ్మీ. నా తలకాయల ఏం ఫరక్ లేదంటే నన్ను ఆపొద్దు."

కామారెడ్డిలో ఒక స్కానింగ్ సెంటర్‌లో ఒక డాక్టరమ్మ వయసు మళ్లినవాళ్ల మెదడు మీద పరిశోధన చేస్తున్నదని తెలిసి తీసుకెళ్లాను. పత్రికలో పనిచేసినన్నాళ్లూ ఇలాంటి వార్తలకు "ఇక మందు దొరికినట్టే" అని రాసినవాణ్ని నేను. ఆమె అలా అనలేదు. నెత్తురుకూ మెదడుకూ మధ్య సన్నని అడ్డు ఉంటుందట. వయసుతో అది సడలుతుందట. సూది మందు ఎక్కించకుండానే, నెత్తుటిలోని నీరు ఆ అడ్డు దాటి ఎంత వేగంగా లోపలికి పోతున్నదో ఎమ్మారైతో చూస్తారట.

"పొలం ఒడ్డుకు ఎండ్రికాయ బొక్క పడి నీళ్లు కారినట్టా?" అన్నాడు అన్న.

"అట్లనే అనుకోండి పెద్దాయనా. కానీ మీ సంగతి ఇందులో తేల్చి చెప్పలేను. ఇది మేం నేర్చుకోవడానికే."

అయినా అన్న ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాడు.

మిషన్ దడదడలాడటం మొదలైన కొద్దిసేపటికే ఇబ్బందైతే నొక్కమని చేతికిచ్చిన రబ్బరు బుడ్డ నొక్కాడు. బల్ల బయటికి రాగానే లేవబోయాడు.

"మోటర్ బంద్ జెయ్యి తమ్మీ. బోర్ల నీళ్లు లేవు, వట్టిగ తిరుగుతుంది. కాలిపోతది."

ఎవరూ నవ్వలేదు. "మనం కామారెడ్డిల ఉన్నమే అన్నా," అన్నాను. అతను గది చుట్టూ చూసి, నా మొహం చూసి, కళ్లు మూసుకున్నాడు.

"మళ్ల తీస్తం. కదిలితే బొమ్మ పాడైతది," అన్నాడు మిషన్ నడిపే అతను. గడియారం, ఫోను, బెల్టు బయట పెట్టి నేనూ లోపలికెళ్లి అన్న పాదం పట్టుకున్నాను. మడమ నిండా పగుళ్లు. చివరిదాకా అన్న కదల్లేదు.

బొమ్మ బాగా వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. అన్న ఆమెను ఏమీ అడగలేదు. బస్టాండ్‌లో చాయ్ సగం తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆమె చెప్పుడెందుకు? మోటర్ బంద్ జెయ్యమన్నప్పుడే నాకే తెలిసె."

అన్న మళ్లీ గ్లాసు అందుకున్నాడు.

"రేపటిసంది మీ వదినను పొలానికి ఎంబడి తోల్కపోత. మోటర్ ఏసుడు, నీళ్లు మలుపుడు నాకు యాదికున్నప్పుడే నేర్పాలె. నన్ను తిట్టుకుంటనైనా నేర్సుకుంటది."