డొల్ల పలికిన రికార్డు

నాకు వచ్చింది సంతకం ఒక్కటే. అదీ సగం పేరు రాసేసరికి కాగితం అంచు దగ్గర పడుతుంది. అందుకే నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది. నా గొంతు నూనె లేని గిలక లాంటిది. గంటసేపు దాన్ని ఓర్చుకోవడం ఆమె మంచితనం. ఇలాంటి గొంతున్న మనిషి ఒకప్పుడు పాటలకు తీర్పులు చెప్పిందంటే, ఆ తీర్పులు బొంబాయిలో ఇంగ్లీషు పత్రికలో అచ్చయ్యాయంటే గోదావరిఖనిలో ఎవరూ నమ్మరు. నేనే సగం నమ్మను.

డెబ్బైల మొదట్లో సంగతి. మా ఆయన బొగ్గుబాయిలో పోలేదు, కామెర్లతో మంచంలో పోయాడు. దాంతో కంపెనీ ఇచ్చిన క్వార్టరూ పోయింది. పదేళ్ల కూతురితో మరిది ఇంటి వసారాలో పడి, ఒక ఇంజనీరు సారు బంగళాలో వంటకు కుదిరాను. సారు కృష్ణా జిల్లా మనిషి. పై దేశంలో చదివొచ్చాడు, పెళ్లి కాలేదు. సాయంత్రం బాయి నుంచి వచ్చి, మసి కడుక్కుని, టీ తాగి రికార్డు పెట్టేవాడు. ప్రతి నెలా ఆ పత్రికవాళ్లు జాజ్ అనీ, ఇంకా పేరు పెట్టని కొత్తరకాలనీ రికార్డులు పార్శిలు చేసేవారు. అవి ఎలా ఉన్నాయో సారు రాసి పంపాలి. అది ఆయన రెండో డ్యూటీ.

మొదటివారంలోనే నా తెలివి బయటపడింది. వంటింట్లో బియ్యంలో రాళ్లు ఏరుతుంటే రికార్డు ఒకే కూతను పదేపదే కూయడం మొదలుపెట్టింది. ముల్లు ఇరుక్కుందనుకుని, రికార్డు పాడైతే నామీదికొస్తుందని పరుగెత్తి పైకెత్తేశాను. సారు కళ్లు తెరిచాడు.

"ఎందుకు తీశావమ్మా?"

"ఇరికింది సార్. ఒక్కటే మాట మల్ల మల్ల అంటున్నది."

"కావాలనే అలా వాయించారు."

"కావాలని ఎవరన్న గట్ల చేస్తరా సార్?"

సారు నవ్వి ఆ మాటను కాగితం మీద పెట్టుకున్నాడు. ఇక రికార్డు పెట్టినప్పుడల్లా పిలిచేవాడు. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి నోటికొచ్చింది అనేదాన్ని. ఒకటి వింటే రేకుల కప్పు మీద పిల్లులు తరుముకుంటున్నట్టుంది అన్నాను. ఇంకో దాంట్లో వంకర బాకా ఒకటి గంటసేపు ఏడ్చింది. అచ్చం నా గొంతే అన్నాను, జలుబు కూడా చేసిందన్నాను. అన్నీ రాసుకున్నాడు. నాకు కళ్లు నెత్తికెక్కాయి. సారు రాతకు నేను సాయపడుతున్నానని వాడంతా చెప్పుకున్నాను. తోటికోడలు మాత్రం నా కొంగు వాసన చూసి, "ఏందక్కా, కూర మాడ్సుకుంట పాటలకు మార్కులేస్తున్నవా?" అంది. వంకాయ కూర మాడిన మాట నిజమే.

అప్పుడే కంపెనీ దవాఖానలో ఆయాలను తీసుకుంటారని తెలిసింది. పర్మినెంటు పని, పైగా ఒక గది. నా బిడ్డకు తలుపున్న ఇల్లు. కానీ దరఖాస్తుతో ఆఫీసరు ఒకరు మంచి మాట రాసివ్వాలి. నాకు తెలిసిన ఆఫీసరు ఒక్కడే. రాసిస్తారా అని అడిగితే చూద్దాం అన్నాడు.

ఆ రోజు నుంచి నా నాలుక బెల్లమైపోయింది. ఏ రికార్డు పెట్టినా ఒకటే మాట: "మస్తుగున్నది సార్." తగరపు డబ్బాలు దొర్లినా మస్తుగున్నది. ఎవరో గొంతు పిసుకుతున్నట్టు అరిచినా మస్తుగున్నది. మూడు నెలలు అదే నడిచింది. సారు కలం పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. ఈమధ్య మీ రాత చప్పబడింది, ఇలాగైతే వేరే మనిషిని చూసుకుంటామన్నారని సారే చెప్పాడు. నా వల్లే అని లోపల గుచ్చుకుంది. నాకు చేతనైన సాయం చేశాను. ఆ పూట పప్పుచారులో ఉప్పు ఎక్కువ వేశాను.

తర్వాతి పార్శిలులో సారు ఆరునెలలుగా ఎదురుచూస్తున్న రికార్డు వచ్చింది. చేతులు రెండుసార్లు కడుక్కుని దాన్ని పెట్టాడు. అందులో పాట లేదు. చాలాసేపు ఏమీ వినపడదు, తర్వాత ఒక దెబ్బ. మళ్లీ ఏమీ ఉండదు, మళ్లీ దెబ్బ. మస్తు అనడానికి నోరు తెరిచాను. కానీ ఆ దెబ్బ నాకు తెలుసు. బాయిలో పనికి కూర్చునే ముందు పైకప్పును కర్రతో తట్టి వింటారు. ఖంగుమంటే గట్టిది. డబడబమంటే లోపల డొల్ల, కింద ఉండకూడదు. మా ఆయన ఆ అలవాటును ఇంటికీ తెచ్చుకున్నాడు. కుండ తట్టేవాడు, గోడ తట్టేవాడు, కోపమొస్తే నా నెత్తి తట్టి డొల్ల అనేవాడు. ఈ రికార్డులో ప్రతి దెబ్బా అలాగే పలికింది. పైన ఏదో పెద్దది ఉన్నట్టు తట్టడమే, ఉన్నది మాత్రం ఏమీ లేదు.

దవాఖాన గుర్తొచ్చింది. వసారాలో మడతపెట్టిన నా బిడ్డ చాప గుర్తొచ్చింది. నోరు మాత్రం ఆగలేదు.

"డొల్ల సార్."

"ఏంటి?"

"కప్పు డొల్ల పలుకుతున్నది. దీని కింద కూసోవద్దు."

రోజూ కప్పు తట్టించే మనిషికి విడమరచి చెప్పే పని లేకపోయింది. సారు ముఖం మాడిపోయింది. రికార్డును మళ్లీ మొదటి నుంచి పెట్టి, తల వంచి విన్నాడు. నేను వంటింట్లోకి పోయి నా నాలుకను తిట్టుకుంటూ ఈసారి ఉప్పే మరిచాను. సారు ఆ చప్పిడి కూర తిని, చేయి కడుక్కుంటూ "నిజమేనమ్మా" అన్నాడు.

పొద్దున నా చేతికి ఒక కవరు ఇచ్చాడు. దవాఖాన గుమాస్తా అందులోని ఇంగ్లీషు చీటీ చదివి నవ్వాడు. ఏం రాశాడో చెప్పమని బతిమాలితే తెలుగులో చెప్పాడు: "ఈమెకు అబద్ధమాడుడు చేతకాదు. మూడు నెలలు కష్టపడ్డది, రాలేదు."

సారును మోసం చేస్తున్నానని మూడు నెలలు కుమిలిన దాన్ని నేను. ఆయనకేమో మొదటి మస్తుకే అర్థమైందట.

పని వచ్చింది, గదీ వచ్చింది. దిగిన రోజు సామాను దించకముందే పిడికిలితో గోడ తట్టి చూశాను. గుమ్మంలోంచి నా బిడ్డ అడిగింది.

"ఎట్లున్నదవ్వా?"

డొల్లే పలికింది.

"మస్తుగున్నది బిడ్డా" అన్నాను.