పెంటమ్మ పలకలేదు

ఎరువు బండి పక్కనుంచి వెళ్తే చాలు, ఘంటసాల దగ్గర మా ఊరి బడి గుర్తొస్తుంది. ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, మాస్టారు మా పేర్లకు అర్థాలు చెబుతున్నారు. నూర్జహాన్ అంటే పారశీకంలో లోకానికి వెలుగన్నారు. పెంటమ్మ వంతు రాగానే, ఆయన నోరు తెరిచేలోగా “పెంటకుప్పండీ!” అని నేనే అరిచాను. అందరూ నవ్వారు.

ఆ సాయంత్రం వాళ్లమ్మ మా గుమ్మంలోకొచ్చింది.

“దీనికి ముందు ముగ్గురు పిల్లలు దక్కలేదమ్మా. ఇదైనా దక్కాలని పెంట మీద పడుకోబెట్టి ఆ పేరు పెట్టుకున్నాను. ఇవాళ ఎంత పిలిచినా పలకడం లేదు. బళ్లో ఎవరేమన్నారో, నీకేమైనా తెలుసా?”

“తెలీదత్తా,” అన్నాను.

ఇప్పటికీ నా కూతుర్ని పేరుపెట్టి పిలిచి, అది పలికేదాకా నాకు ఊపిరాడదు.