చేంతాడు రెండో కొన

ఆ రోజుల్లో నన్ను హడలెత్తించేవి లోకంలో రెండే ఉండేవి. ఒకటి లోతు నీళ్ళు, రెండోది మా మేనత్త. ఆ రెండూ ఒకే బావి దగ్గర, ఒకే పూట జతకట్టి నా మీద పడతాయని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆదోని స్టేషన్లో ఏ రైలు కనబడితే ఆ రైలెక్కి పారిపోయేవాణ్ణి. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య పుట్టినవాడివి, మీకసలు నీళ్ళెక్కడివి, వాటికి లోతెక్కడిది అని మీరు నవ్వొచ్చు. నవ్వండి, తప్పులేదు. మా ఊళ్ళో అన్నిటికంటే లోతున్న నీళ్ళు బోరు అడుగున ఉండేవి, వాటిని చూసినవాడెవడూ లేడు. మేము కళ్ళతో చూసేవి బిందెలో నీళ్ళు, ట్యాంకరులో నీళ్ళు, ఏడాదిలో కొన్నాళ్ళు కాలువలో పారే నీళ్ళు. ఆ కాలువలోనే నేను ఏడేళ్ళప్పుడు కాలుజారి పడ్డాను. కొట్టుకుపోతూ చేతికందినదాన్ని గట్టిగా పట్టుకుంటే అది ఒక బర్రె తోక. ఆ బర్రె నన్ను విసుక్కుంటూనే గట్టుకు చేర్చింది. అప్పట్నుంచీ తలకు పోసుకునేటప్పుడు కూడా రెండు చేతులతో బండను పట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి బోరాలు మోసే పనిలో ఉన్నాను. అమ్మా నాన్నా ఏటా మిరప కోతలకు గుంటూరు వైపు పోయేవాళ్ళు (పని కోసం ఇట్లా ఊరు విడవడాన్ని మా వైపు సుగ్గికి పోవడం అంటారు), అందువల్ల నేను చిన్నప్పట్నుంచీ అత్త దగ్గరే పెరిగాను. మిల్లులో చేరిన రెండో ఏడు నాకు దగ్గు పట్టుకుంది. మిల్లులో దూది కంటికి మెత్తగా కనబడుతుంది గానీ రొమ్ములోకి పోతే మెత్తదనమేమీ ఉండదు. మా మామ కూడా అదే పనిలో దగ్గి దగ్గి పోయినవాడే. నేను దగ్గినప్పుడల్లా అత్త చేస్తున్న పని ఆపి, నా దగ్గు ఆగేదాకా అట్లాగే నిలబడి, మళ్ళీ పని మొదలుపెట్టేది. ఆ సంగతి ఎప్పుడూ నోరు విప్పి అనలేదు.

అట్లాంటప్పుడు గోవా అన్న ఫోన్ చేశాడు. మా వీధివాడే, మట్టిపనికి గోవా పోయి అక్కడే ఉండిపోయినందువల్ల ఊరంతా అతన్ని అట్లాగే పిలుస్తుంది. "రేయ్ సన్నోడా, ఈడ సముద్రంలో అలల మీద పలకేసుకొని నిలబడేది నేర్పిస్తారప్పా. పలకలు మోసేకి, నేర్చుకునేటోళ్ళను పట్టుకొనేకి ఒక మనిషి కావల్ల. గాలి సల్లగ ఉంటాది, నీ దగ్గు పోతాది. నీకు ఈతొస్తాది గదా?" అన్నాడు. "వస్తాదన్నా," అన్నాను. ఆ మాట అన్నది నేనేనా అని పక్కకు తిరిగి చూసుకున్నాను. నిజంగా నేనే. "అయితే నెల దినాల్లో వచ్చేయ్. నేర్పించే సారు ముందు నిన్ను ఈదించి సూస్తాడు, రాకపోతే తిరుగు రైలే," అని పెట్టేశాడు. పెట్టేసి ఒక వీడియో పంపాడు.

ఆ వీడియో చూసి అత్తా నేనూ ఇద్దరం నోరు తెరిచి ఉండిపోయాం. మేడంత అల. దాని మీద ఒకడు ఒంటి మీద సరైన బట్ట కూడా లేకుండా పలక మీద వంగి నిలబడి జారిపోతున్నాడు. అత్త ఫోన్ దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "యోవ్, ఈయప్ప ఇంట్లో సెప్పే వచ్చినాడా?" అంది. ఫోన్ నా చేతికిచ్చి మళ్ళీ చేట అందుకుంది. నేను దగ్గాను. ఆమె చేతిలోని చేట కింద పెట్టింది.

"నేను నేర్పిస్తా నీకు ఈత," అంది.

నేను అదిరిపోయాను. "నీకొస్తాదా అత్తా?"

"రాక? నేను పిల్లప్పుడు పెద్దాయన బాయిలో ఈ దరి నుంచి ఆ దరికి పోయి వస్తాంటి. మీ నాయనకు తెలీదులే, మొగోళ్ళకు యాడ తెలుస్తాది. రేపట్నుంచి పొద్దున్నే బాయి కాడికి రావల్ల."

పెద్దాయన బావి అంటే ఊరవతల తోటలోని రాతి మెట్ల బావి. ఏడాదిలో ఎక్కువ నాళ్ళు ఎండిపోయే ఉంటుంది గానీ, కాలువ ఊటతో నిండితే నాలుగు నిలువుల లోతు. ఆ బావికి పోయే ముందు అత్త నన్ను బస్సెక్కించి ఉరుకుందకు తీసుకుపోయి ఈరన్న స్వామికి టెంకాయ కొట్టించింది. అత్త ఆదివారం ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడే మనిషి. ఇదేందత్తా అని అడిగితే, "యేసయ్యకు సముద్రం సంగతి బాగా తెలుసు. మన బాయి సంగతి ఈరన్నకే తెలుసు," అంది. దాంట్లో నాకు తప్పు కనబడలేదు.

మరునాడు పొద్దున నా వీపుకు రెండు ఖాళీ నూనె క్యాన్లు కట్టింది. నడుముకు చేంతాడు కట్టింది. ఆ ముడి మీద ఇంకో ముడి, దాని మీద ఇంకొకటి. తాడు రెండో కొన తీసుకుని తాను ఐదు మెట్లు పైకి పోయి, కొంగు నడుముకు బిగించి, రెండు చేతులతో తాడు పట్టుకుని నిలబడింది. (గురువులు కదా, పైమెట్టు మీదే ఉంటారు అనుకున్నాను.) నేను నీళ్ళ అంచున కూర్చుని కిందికి చూశాను. పచ్చగా, నల్లగా, అడుగు కనబడకుండా, చప్పుడు లేకుండా ఉన్నాయి. "రేపు దిగుతానత్తా, ఈ పొద్దు నీళ్ళు సల్లగుండాయి," అన్నాను. "ఆఁ, కాగపెట్టి పోయిస్తా ఉండు," అని వినబడింది. తరువాత వీపులో ఏదో గుచ్చుకుంది. వెనక్కి తిరిగి చూసేలోపల నేను గాల్లో ఉన్నాను. చింతకాయలు కోసే పొడుగాటి దోటితో, ఐదో మెట్టు మీద నిలబడే, అత్త నన్ను బావిలోకి తోసేసింది!

అప్పుడు నేను పెట్టిన కేక విని తోటలో పని చేసేవాళ్ళు పారలతో సహా పరిగెత్తుకొచ్చారట. నాకు మాత్రం ముక్కులో నీళ్ళు, చెవుల్లో నీళ్ళు, కన్నతల్లిలాంటిది నన్ను చంపేసిందన్న దిగ్భ్రమ, ఇంతే గుర్తు. క్యాన్లు నన్ను పైకి లేపాయి. పైకి రాగానే అత్త గొంతు బావి నాలుగు గోడలకూ కొట్టుకుని వినబడింది. "కాళ్ళాడించు రా సన్నోడా! ఎవురి పెండ్లికి కూసున్నావు? కాళ్ళు! కాళ్ళు!" ఆడించాను. ఎందుకంటే బావి కంటే ఆ గొంతు భయంకరంగా ఉంది. గట్టు చేరి రాయి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. "ఇంగోసారి," అంది అత్త.

ఇట్లా ఇరవై రోజులు. ఈతకొట్టే పద్ధతి ఆమె చెప్పింది తక్కువ, తిట్టింది ఎక్కువ. చేతులు ఎట్లా వేయాలత్తా అంటే, "సేటతో సెరిగినట్ల ఎయ్యి," అనేది. ఊపిరి ఎప్పుడు తీయాలి అంటే, "సచ్చిపోతాననిపించినప్పుడు తీయి," అనేది. నువ్వొకసారి దిగి చూపించత్తా అని అడిగితే, "ఆడమనిషి అందరెదుట సీర తడుపుకోవల్లనా రా, సిగ్గు లేదూ నీకు?" అని దోటి ఎత్తేది. ఒక్కరోజు కూడా ఆ ఐదో మెట్టు దిగలేదు. ఒక్కరోజు కూడా తాడు వదల్లేదు. ఇరవై ఒకటో రోజు నడిబావిలో ఉండగా క్యాన్ల ముడి ఊడిపోయింది. అవి రెండూ నా కళ్ళ ముందే తేలుతూ పక్కకు పోయాయి. గుండె ఆగినంత పనైంది. కానీ కాళ్ళు ఆగలేదు, వాటికి అత్త భయం ఉంది. అవతలి దరి ముట్టుకుని, వెనక్కి తిరిగి, ఇవతలి దరికి వచ్చేశాను! "అత్తా, సూస్తివా!" అని గంతులేస్తూ పైకి చూస్తే, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, మెట్టు మీద చతికిలబడి ఉంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చింది కదా, ఎండ తగిలిందేమో అనుకున్నాను. ఇరవయ్యేళ్ళవాడికి ఉండే తెలివి అంతే.

గుంతకల్లులో గోవా రైలెక్కి పోయాను. నాలుగు నిలువుల బావిని జయించిన వీరుణ్ణి కదా, సముద్రం ముందు ఛాతీ విరుచుకునే నిలబడ్డాను. అక్కడ తగిలింది పెద్ద దెబ్బ. కొత్తవాళ్ళకు అలల మీద పలక నేర్పించేది నడుము లోతు నీళ్ళలోనట! నడుము లోతు! నేను ఇరవై ఒక్క రోజులు చచ్చి బతికింది ఎందుకు? "ఇదేందన్నా," అని గోవా అన్నను నిలదీస్తే, "నువ్వు అడగలే, నేను సెప్పలే," అన్నాడు. సారు నన్ను ఈదించి చూసి, ఆ చేతులేమిటి అట్లా చెరుగుతున్నావు అని నవ్వి, పనిలో పెట్టుకున్నాడు. మరునాడు నాకూ ఒక పలక ఇచ్చి, దానికున్న తాడు కట్టుకోమన్నాడు. తాడు సంగతి నాకు ఒకరు చెప్పాలా? నడుముకు చుట్టి, మూడు ముళ్ళు వేసి, రెండో కొన పలకకే బిగించి ఉంటే, దాన్ని విప్పి పట్టుకునేవాళ్ళెవరా అని గట్టు వైపు చూశాను. ఎవరూ రాలేదు. ఇంతలో అల వచ్చింది. పలక ఒకవైపు పోయింది, దాంతోపాటు నా నడుమూ పోయింది, నేను వెనక్కి మడతపడి ఇసుకలో గీతలు గీసుకుంటూ ఒడ్డు దాకా పోయాను. చివర్లో పలక తిరిగొచ్చి నెత్తిమీద ఒకటి వేసింది. సారు పరిగెత్తుకొచ్చి, "కాలికి కట్టాలిరా మొద్దూ, చీలమండకు!" అని హిందీలో అరిచాడు (ఆదోని మిల్లులో పనిచేసినవాడికి హిందీ తిట్లు బాగా అర్థమవుతాయి). "మరి రెండో కొన పట్టుకునేది ఎవరు సార్?" అని అడిగాను. సారు నా తలకు దెబ్బ గట్టిగానే తగిలిందనుకుని నీడలో కూర్చోబెట్టాడు.

అసలు భయం నెల తరువాత ఎదురైంది. అలలు విరిగే చోటు దాటి లోపలికి తీసుకుపోయారు. పలక మీంచి జారి నీళ్ళలో పడ్డాను. కాళ్ళు చాపితే అడుగు తగల్లేదు. ఇంకా చాపాను, ఏమీ లేదు. ఆ క్షణంలో నేను మళ్ళీ ఏడేళ్ళవాణ్ణయ్యాను, చుట్టుపక్కల బర్రె కూడా లేదు. కొయ్యబారిపోయాను. అప్పుడు, నమ్మితే నమ్మండి, అంత సముద్రంలో "ఎవురి పెండ్లికి కూసున్నావు రా!" అన్న గొంతు స్పష్టంగా వినబడింది. కాళ్ళు వాటంతటవే కదిలాయి. పలక ఎక్కాను. ఆ వెనకే వచ్చిన అల మీద, లేచి, వంగి, రెండు కాళ్ళ మీద నిలబడ్డాను. ఎంతసేపంటారా? మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు. ఒడ్డున గోవా అన్న ఈల వేశాడు. అప్పుడు నేను దగ్గి ఎన్నాళ్ళయిందో కూడా గుర్తుకు రాలేదు.

మొదటి సెలవుకు ఊరొచ్చి, అత్తను బలవంతాన పెద్దాయన బావికి తీసుకుపోయాను. "రా అత్తా, ఈ పొద్దు ఎవురూ లేరు, సీర తడిసినా సూసేటోళ్ళు లేరు. ఇద్దరం దూకుదాం," అని నవ్వుతూ చెయ్యి పట్టుకుని ఐదో మెట్టు దింపాను. నాలుగో మెట్టు దగ్గర ఆమె కేక పెట్టి నా మెడ కావలించుకుంది. ఆరోజు నేను పెట్టిన కేక దీని ముందు ఎందుకూ చాలదు. "ఇడ్సు రా, నీకు పుణ్యముంటాది, ఇడ్సు! నాకు ఈత రాదు!"

"రాదా? మరి ఈ దరి నుంచి ఆ దరికి..."

"యాడిది? కాలవలో బాప్తీసం ఇచ్చేటప్పుడు నడుం లోతులోనే పాస్టరయ్య మెడ పట్టుకొని ఇడ్సలేదు నేను. ఇద్దరం మునిగితిమి, ఊరంతా సూసె. నాకు ఈత రాదంటే నువ్వు దిగుతాంటివా? మీ మామ మాదిరి ఆ మిల్లులోనే దగ్గుకుంటా ఉంటాంటివి."

నాకు కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. "నేను మునిగిపోయింటే? ఆ క్యాన్లు ఊడిపోయిన దినం మునిగిపోయింటే ఏం సేస్తాంటివి? సేతిలో తాడు జారిపోయింటే?"

"జారేకి అది సేతిలో యాడుండె?" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "రెండో కొస నా నడుముకే కదా కట్టుకునింటి, కొంగు కింద. నువ్వు పోతే నేనూ వస్తాంటి."

నేను ఆ మెట్టు మీదే కూలబడ్డాను. ఇరవై ఒక్క రోజులు, రోజూ, నడుములోతుకే పాస్టరు మెడ పట్టుకున్న మనిషి, నాలుగు నిలువుల బావికి తనను తాను కట్టేసుకుని, పై నుంచి నన్ను తిట్టిందన్నమాట. ఆ తిట్లలో సగం ఆమె తనను తాను నిలబెట్టుకోవడానికి తిట్టుకున్నవేనని అప్పుడు తెలిసింది. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. "ల్యాయి, సీమలు పట్టుకుంటాయి," అని చివరికి ఆమే లేపింది.

ఇప్పుడు నేనే కొత్తవాళ్ళకు నేర్పిస్తున్నాను. నీళ్ళలోకి దిగే ముందు ప్రతివాడి చీలమండకూ తాడు నేనే కట్టి, రెండుసార్లు లాగి చూస్తాను. లోపలికి పోవాలంటే బిక్కమొహం వేసేవాణ్ణి చూస్తే, వీపుకు నూనె క్యాన్లు కట్టుకుని బావి అంచున కూర్చున్న ఆ వెర్రివాడే గుర్తొచ్చి నవ్వొస్తుంది. అత్త ఇప్పటికీ సముద్రాన్ని ఫోన్లో తప్ప చూడలేదు, చూడనంటుంది. రోజూ పొద్దున ఫోన్ మాత్రం చేస్తుంది. "తాడు కట్టుకున్నావా రా సన్నోడా?" అంటుంది. కట్టుకున్నానత్తా అంటాను. "నడుముకేనా?" అంటుంది. నేను వంగి కాలికి ముడి బిగించుకుంటూ, "ఆఁ, నడుముకే అత్తా," అని చెబుతాను.