కాంతిని దాటనివ్వని అత్తమ్మ

జూలూరుపాడు దాటుతుండగా ఫోన్ వచ్చింది. అత్తమ్మ పోయింది. దుమ్ముగూడెం ఇంకా చాలా దూరం. పక్క సీట్లో నా భార్య "జల్దీ పోనియ్యి అన్నా" అని డ్రైవర్‌ను బతిమాలుతూనే ఉంది. ఇక తొందరపడి చేసేదేమీ లేదని ఆమెకూ తెలుసు. ఒక్క వాక్యంలో ఓడల్ని చుక్కల అవతలికి పంపే నేను ఆ కారును కొత్తగూడెం దాకా కూడా ఎగరేయలేక కూర్చున్నాను.

నేను పిల్లల పత్రికకు అంతరిక్ష కథలు రాస్తాను. అత్తమ్మ, అంటే నా భార్య తల్లి, దుమ్ముగూడెం బళ్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఊరి పిల్లలందరికీ గొంతు చించుకుని పాఠాలు చెప్పిన ఆమె అల్లుడి ఎదుట మాత్రం నిలబడేది కాదు, నేరుగా మాట్లాడేది కాదు. పాత పద్ధతి. ఏది చెప్పినా వంటింటి తలుపు చాటు నుంచి, కూతురి ద్వారానే. "ఇంకింత అన్నం పెట్టుకోమను" అన్నా, "కాంతివేగం ఎంతో ఎరుకేనా అడుగు" అన్నా అదే దారి.

కథ అచ్చయిన వారం అత్తగారింటికి వెళ్లాలంటే నాకు భయమే. ముందు కడుపునిండా తిననిచ్చేది. చేయి కడుక్కున్నాక లోపలి నుంచి మొదలు. "ఆయన్ని అడగవే. బస్సు బ్రేకేస్తేనే నిలబడ్డోళ్లు ఒకరి మీద ఒకరు పడుతరు. కాంతి కంటే జోరుగ పోయే ఓడ గబుక్కున ఆగితే లోపలోళ్లు చాయ్ తాగుకుంట కూసున్నరేంది?" నా భార్య నవ్వు ఆపుకుంటూ నావైపు తిరిగేది. విన్నానన్నట్టు తల ఊపేవాణ్ణి.

ఒకసారి నా కథలో కుర్రాడు ఏదో నక్షత్రం దగ్గర్నుంచి ఇంటికి ఫోన్ చేసి తల్లితో ముచ్చట పెట్టాడు. ఇటు అడిగితే అటు జవాబు. అది చదివి అత్తమ్మ ఉండబట్టలేక పత్రిక పట్టుకుని హాల్లోకే వచ్చేసింది.

"ఏంది నాయనా గిది! వెలుగు పోయి రానీకే ఏండ్లు పడుతది. మాట ఎట్ల పోయింది, ఎట్లొచ్చింది? మనకు గోదారి అవతలికే సిగ్నల్ అందదు!"

ఎదురుగా ఉన్నది అల్లుడని అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. కొంగు సర్దుకుంటూ లోపలికి ఒకటే పరుగు. ఇల్లంతా నవ్వులు.

నాకు ఊహ తెలిసేసరికే మా అమ్మ లేదు. ఆ "నాయనా" అన్న పిలుపు మళ్లీ వినాలనిపించింది. అందుకని కావాలనే తప్పులు పెట్టడం మొదలుపెట్టాను. కాంతిని దాటిన ఓడ కిటికీలోంచి చుక్కలు మన డాబా మీంచి కనబడినట్టే కనబడ్డాయని రాశాను. ఏళ్ల తరబడి తిరిగొచ్చినవాడి గడియారం ఇంట్లో గడియారంతో నిమిషం తేడా లేకుండా కలిసిందని రాశాను. ఒక్కోసారి ఆమె బయటికొచ్చి మందలించేది. ఒక్కోసారి దొరికిపోయేవాణ్ణి. "గిది తెల్వక రాసింది కాదు, తెలిసే పెట్టిండు. పిల్లలు చదివేది, గట్ల చేయొద్దని చెప్పవే" అనేది లోపలి నుంచే. ఆ పూట కంచంలో నెయ్యి మాత్రం ఎక్కువే పడేది.

చివరగా రాసిన నవల గురించి మాట్లాడినప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు. అందులో తల్లికి జబ్బని తెలిసి కొడుకు కాంతిని దాటే ఓడలో బయల్దేరతాడు. వచ్చేసరికి ఆమె ఉండదు. గడప మీద పడి ఏడుస్తాడు. అప్పటికి అత్తమ్మ మంచం పట్టింది. నన్ను లోపలికి పిలిపించి, పద్ధతులన్నీ పక్కనబెట్టి, ఎదురుగా కూర్చోమంది.

"కాంతిని దాటినోడు కాలాన్ని గూడ ఎనక్కి దాటొచ్చు నాయనా. లెక్క గట్లనే వస్తది. నిన్నటికి పోయే ఓడ చేతిలుండంగ వీడెందుకు ఏడుస్తుండు? పోయి తల్లి కాడ కూసోవచ్చు గద? ఓడన్న తీసెయ్యి, ఏడుపన్న తీసెయ్యి. రెండూ ఉంచితే అబద్ధం."

ఓడ తీస్తే నవలే లేదనుకున్నాను. ఏడుపే తీసేస్తానని చెప్పాను. కొడుకు ముందే చేరతాడు, తల్లి బతుకుతుంది.

"మంచిగుంటది, రాయి" అంది. మళ్లీ తనే, "కానీ గట్లైతే ఇగ ఎవ్వరికీ తొందరుండదు" అంది.

ఆమె పోయిన రోజు కారులో దారి పొడుగునా ఆ మాటే వినబడింది. భద్రాచలం వంతెన మీద లారీల వెనక ఆగినప్పుడు నా భార్య తలుపు తీసుకుని దిగి నడవబోయింది. చేయి పట్టుకుని ఆపాను. మేము చేరేసరికి ఆమె తలాపున దీపం పెట్టేశారు. నాకు ఆమె కావాలి. నా ప్రతి వాక్యంలో తప్పు పట్టడానికైనా సరే, కావాలి.

ఆ నవల ఇప్పుడు పుస్తకంగా వస్తోంది. కాంతిని దాటే ఓడను తీసేశాను. కొడుక్కి మామూలు ఓడే ఇచ్చాను. కబురు అతనికి చేరేసరికే అది ఏళ్లనాటి పాత కబురు. తల్లి ఉండదని అతనికి తెలుసు. అయినా ఆ చీకట్లో, ఒక్క దీపం వెలిగించుకుని, ఇంటివైపు మెల్లగా వస్తూనే ఉన్నాడు.

చివరి పేజీలు నా భార్యకిచ్చాను. చదివి నావైపు తిరిగింది.

"అమ్మ లేదని ఎరుకే గద వీనికి. ఇంకెందుకు వస్తుండు?" అంది.

"ఎనక్కి తిప్పమంటవా?" అన్నాను.

కాగితాలు ఒళ్లో పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"వద్దు. రానియ్యి."