కొంగు దులిపే పని

నిన్న ఎవరో ఇచ్చిన స్వీటు డబ్బాలో జీడిపప్పు బద్దలు చూసి నా చెయ్యి ఆగిపోయింది. పలాస వైపు పెరిగిన నా ఈడువాళ్లకి జీడిపిక్కలు కాల్చే ఆ ఘాటు గుర్తుందా? తలంటుకున్నా జడలోంచి పోయేది కాదు.

మాది చిన్న బట్టీ. పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు జీడి రసానికి నల్లగా పొక్కిపోయేవి. సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు పప్పు దాచుకున్నారేమోనని గేటు దగ్గర వాళ్ల కొంగులు తడిమి చూడాలి. మగవాళ్లు చూస్తే బాగోదని, రెండు వేల పదమూడులో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ పని నాకు అప్పగించారు. నాకెంత గర్వమో.

ఒకరోజు, నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన నరసమ్మ కొంగుముడిలో గుప్పెడు బద్దలు దొరికాయి.

"మనవరాలికి జొరం పాపా. పరమాన్నం అడిగినాది. నాన్నకి సెప్పకమ్మా," అని గొణిగింది.

తప్పు ఎవరు చేసినా తప్పేనని బడిలో నేర్చుకున్నాను. నాన్నని పిలిచాను.

అందరి ముందూ ఆవిడని పనిలోంచి తీసేసి, "మా అమ్మి పెద్దదైపోనాది. గేటు బెంగ నాకింక లేదు," అంటూ నాన్న నా దోసిలి నిండా జీడిపప్పులు పోశాడు. తిన్నాను. బాగున్నాయి.

మర్నాడు నరసమ్మ కూర్చునే పీట ఖాళీగా కనిపించింది. ఇకమీదట ఏం దొరికినా నాన్నకి చెప్పకూడదనుకున్నాను. ఆయన మాట కాదని నా అంతట నేను తీసుకున్న మొదటి నిర్ణయం అది.

కానీ ఆ నిర్ణయంతో నాకు పనే పడలేదు. నేను చెయ్యి చాపకముందే ఒక్కొక్కరూ కొంగు విప్పి, నా మొహం చూడకుండా, నా ముందు దులిపి వెళ్లిపోయేవారు.