ఏ చాలు విన్నడో

మా వీధి గిర్ని అక్క పోయింది. మంగళవారం పొద్దున టీ బండి దగ్గర ఆమె అల్లుడు చెప్పాడు. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వాకిట్లోకి వస్తాను, మళ్లీ లోపలికి పోతాను, ఏదో వెతుకుతున్నట్టు. చుట్టమా అంటే కాదు. మా భోపాల్‌పట్నంలో పిండి గిర్ని నడిపేది, శనివారం భజన నడిపేది. నన్ను తమ్ముడూ అనేది.

నా భార్య చనిపోయిన ఏడాది దేవుడి పేరు నా నోట్లో పొడిపిండి అయిపోయింది. దీపం పెట్టేవాణ్ణి, ఎవరికి పెడుతున్నానో తెలిసేది కాదు. భద్రాచలం పోయాను. పోయినవాణ్ణి పోయినట్టే తిరిగి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. భజన మానేశాను.

ఒకరోజు జొన్నలు పట్టించడానికి పోతే, భజనకు రావడం లేదేంది, ఇంట్లోనే చేసుకుంటున్నావా అని అక్క అడిగింది. గిర్ని మోతలో నేను "చాలు అక్కా" అన్నాను. ఇక నావల్ల కాదని నా ఉద్దేశం. కానీ మా దగ్గర హిందీ మాట, తెలుగు మాట ఒకే సంచిలో ఉంటాయి. మోటారు తిరుగుతుంటే చాలూ అంటాం, బల్బు వెలుగుతుంటే చాలూ అంటాం, నడుస్తున్నదని. ఆమె ఆ చాలూ విన్నది. మా ఇంట్లో భజన నడుస్తున్నదనుకుంది. శనివారం సాయంత్రం డోలక్‌తో సహా అందరూ మా గుమ్మంలో ఉన్నారు.

పొమ్మనడానికి నాకు నోరు రాలేదు. చాప పరిచాను. వాళ్లు పాడినంతసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాను. అందరూ పోయాక అక్కకు అసలు సంగతి చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. తర్వాత అన్నది:

"నీ చాలు నువ్వు చెప్పినవ్ తమ్ముడూ. పైనున్నాయన ఏ చాలు విన్నడో నీకేం ఎరుక?"

లోపల ఏమీ అనిపించడం లేదక్కా అన్నాను. బావ పోయాక తనకూ చాలాకాలం అట్లాగే ఉండేదని అప్పుడే చెప్పింది. పాడుతూనే లోపల ఆయనతో పోట్లాడేదట.

"అలిగితే అలుగు. ఆయన ముంగట కూసోని అలుగు. ఇంట్ల పండుకొని అలిగితే ఆయనకెట్ల తెలుస్తది?"

మళ్లీ భజనకు పోవడం మొదలుపెట్టాను. వెనక వరసలో, పెదవి కదపకుండా. అక్క ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. ఒక వానాకాలం పాట మధ్యలో కరెంటు పోయింది. తడబడి అక్క మంగళహారతి అందుకుంది. "అప్పుడే ఇంటికి పంపుతున్నవా పెద్దమ్మా" అని ఎవరో అన్నారు. అందరం నవ్వాం. నవ్వు ఆగాక చూసుకుంటే నేనూ పాడుతున్నాను. ఆ సంతోషం నేను పిలిస్తే వచ్చింది కాదు. పొమ్మన్నా పోలేదు.

మొన్న శనివారం ఆమె లేని మొదటి భజన. పెద్దవాణ్ణని కంచు తాళాలు నా చేతిలో పెట్టారు. లోపల మళ్లీ అదే పొడిపిండి. లేచి పోదామనిపించింది. పోలేదు. అక్కను తీసుకుపోయాడన్న ఈ కోపం కూడా ఆయన ముందే కూర్చుని పడదామనుకున్నాను. పాట మరీ పైన ఎత్తుకున్నాను, గొంతు అందలేదు. వెనకవాళ్లు కిందికి దించి అందుకున్నారు. నా చేతులు వణికి తాళాలు వాటంతటవే గలగలమంటున్నాయి. వాళ్లు ఆ వణుకుకే చప్పట్లు కలిపి పాడుతున్నారు.