తుక్కు కింద రాసిన పడవ

నేను ముంబై రేవుకు చేరేసరికి వాన. భుజాన కిట్‌బ్యాగు, జేబులో పోస్టింగ్ ఆర్డరు. అప్పటిదాకా ఇంజనీర్ల పటాలంలో వంతెనలు కట్టినవాణ్ని. సైన్యానికి పందెం పడవ ఉంటుందని ఆ ఆర్డరు చూశాకే తెలిసింది.

పడవ పేరు జలజ. నలభై అడుగులు. ఒడ్డున దుంగల మీద నిలబెట్టారు. రంగు పెచ్చులూడింది. తెరచాపలు చూసే హవల్దారుది నర్సంపేట. నా యాస వినగానే దగ్గరికొచ్చాడు.

"ఏ ఊరు తమ్మీ?"

"ధర్మసాగర్, అన్నా."

"చెరువుల ఈత కొట్టినవ్ అన్నట్టు. సముద్రం గట్ల ఉండది. ఫికర్ చెయ్యకు, నేర్పుతా."

జలజ కథ అతనే చెప్పాడు. ఒక మిల్లు యజమాని ముచ్చటపడి చేయించుకుని పదేళ్లు పందేలు గెలిచాడు. ఆయన పోయాక వారసులు హోటల్‌కు అమ్మారు. హోటల్‌వాళ్లు విందులకు తిప్పి, ఒక గాలివానలో తెరచాప స్తంభం విరిగాక వదిలేశారు. మూడో యజమాని సైన్యం. ఇప్పుడు అధికారుల బోర్డు కూడా ఈ సీజన్ తర్వాత తుక్కు కింద తీసేయమని రాసింది.

మా మేజర్ ఆ కాగితం చదివి మడిచారు. సీజన్ ఇంకా అయిపోలేదన్నారు. ఏడు వారాలు అడుగుభాగం గీకాం, పగుళ్లు పూడ్చాం, తాళ్లు మార్చాం.

నవంబరులో గోవాకు పందెం. ఆరుగురం ఎక్కాం. రెండో రోజు రత్నగిరి దాటాక గాలి ముదిరింది. మధ్యాహ్నం రెండు నలభైకి చుక్కానిని తిప్పే ఉక్కు తీగ తెగింది. చక్రం చేతిలో ఊరికే తిరిగింది. పడవ పక్కకు ఒరిగి, నీళ్లు నడుముదాకా వచ్చాయి. చచ్చిపోతాననే అనుకున్నాను.

రేడియోలో పందెం అధికారి గొంతు వినిపించింది. పందెం నుంచి తప్పుకోండి, లాక్కొచ్చే పడవ పంపిస్తామన్నాడు. మేజర్ మా ముఖాలు చూశారు. హవల్దారు నాతో అన్నాడు, "తాడు కట్టి గుంజుకపోతే గది తుక్కే అయితది తమ్మీ. మన చేతులైతే మంచిగనే ఉన్నయి కదా."

మేజర్ రేడియోలో ఒక్క మాటే చెప్పారు: "జలజ పందెంలోనే ఉంది."

చుక్కాని తలకు పిడిలా ఇనుపగొట్టం బిగించాం. ఇద్దరిద్దరం, ఇరవై నిమిషాలకో వంతు, ఒళ్లంతా ఆనించి నెట్టాం. అరచేతులు చిట్లాయి. గడువు మరునాడు మధ్యాహ్నం పన్నెండు. పదకొండు ఇరవైకి గీత దాటాం. అందరికన్నా ఆఖరున.

బోర్డు మాత్రం మాట మార్చలేదు. కానీ మేం గీత దాటిన కబురు విని నౌకాదళంలో పనిచేసి రిటైరైన ఒక మేడమ్ వచ్చారు. బెస్త ఆడపిల్లలకు తెరచాప నడపడం నేర్పుతారట. ఇలా నడిచిన పడవను ముక్కలు చెయ్యనివ్వనని వేలంలో కొనుక్కున్నారు.

ఇప్పుడు నేను రిటైరై ఊళ్లోనే ఉన్నాను. ఏ బార్డర్‌ల కొట్లాడినవే అని అడుగుతారు. పడవలో అంటే నవ్వుతారు. నవ్వనీ. నేనేం సిగ్గుపడను.

కళ్లు మూస్తే ఒక్కటే కనిపిస్తుంది. మేడమ్ జలజను రేవు దాటిస్తున్నారు. మేం ఒడ్డున పనిబట్టల్లో ఉన్నాం. తలమీద టోపీ లేకుండా సెల్యూట్ కొట్టకూడదు, అది రూలు. తెరచాప గాలికి నిండింది. హవల్దారన్న కాళ్లు దగ్గరికి చేర్చి, ఉత్త తలతోనే, ఇంకా మానక కట్టుకట్టిన చెయ్యి నుదుటికెత్తాడు.